రెండు డబ్బాల రంగు

అన్నయ్య ఒకసారి అన్నాడంటే అన్నట్టే. పన్నెండేళ్ళ కిందట ఈ తెరచాప పడవకి రంగు వేసింది తనే, అప్పుడు వేసింది రెండు డబ్బాల రంగే, కాబట్టి ఇప్పుడూ అదే వేస్తాం, ఇక మాట్లాడేది లేదు. రంగుల కొట్టులో చెల్లెలు మామూలు ఎనామిల్ డబ్బా మీద చెయ్యి వేసిందో లేదో, ఆయన ఒంటికాలి మీద లేచాడు.

"అది కిటికీలకి వేసుకునేది!"

"పడవలకీ వేస్తారన్నయ్యా. ఒక్కటే డబ్బా. కలిపే పని లేదు, తొందరా లేదు."

"మూడేళ్ళకి వెలిసిపోతుంది. మళ్ళీ గీకేది ఎవరు, నువ్వా?"

"ఇన్నాళ్ళూ గీకింది నేనే కదా."

కొట్టాయన నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయాడు. పోనీ తెలుపైనా తీసుకుందామని చెల్లెలు మొత్తుకుంది. ముసలి పడవకి ముదురు నీలం వేస్తే ఒంటిమీది సొట్టలన్నీ దారినపోయేవాళ్ళకి కూడా కనిపిస్తాయి. ఆయన చెవిన వేసుకోలేదు. ముదురు నీలమే వచ్చింది.

రెండు డబ్బాల రంగంటే ఒకదాంట్లో రంగు, రెండోదాంట్లో దాన్ని గట్టిపరిచే మందు. కలిపాక గంటలోపు వేసెయ్యాలి, లేకపోతే డబ్బాలోనే బిగుసుకుపోతుంది. ఆరిందంటే మాత్రం రాయి. దానితో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. కింద పాత ఎనామిల్ ఉంటే దాన్ని మెత్తబరిచి పైకి లేపేస్తుంది, పడవ ఒళ్ళంతా ముడతలు పడి బొబ్బలెక్కుతుంది. అందుకే కింద ఏముందో తెలియని పడవకి ముందు థిన్నర్‌లో తడిపిన గుడ్డ అంటిస్తారు. పది నిమిషాలయ్యాక గుడ్డకి రంగు దిగితే అది ఎనామిల్, దిగకపోతే నిశ్చింత. పడవలకి రంగులెయ్యడమే పనిగా బతికిన అన్నాచెల్లెళ్ళిద్దరూ అందరి పడవలకీ గుడ్డ పెట్టారు గానీ, తమ పడవకి ఏనాడూ పెట్టలేదు. సొంత పడవకి గుడ్డ పెట్టడమంటే ఇంటి మనిషి మాట నమ్మకపోవడమేనని వాళ్ళ నాన్న పట్టింపు. నాన్న పోయి చాలా కాలమైనా ఆ పట్టింపు పోలేదు.

చెల్లెలు కూడా నమ్మేదే. కానీ పన్నెండేళ్ళ కిందట ఆమె వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉండి ఆ రంగు వెయ్యడం చూడలేదు. పైగా వారం కిందట మేనకోడలు ఫోన్ చేసింది.

"అత్తా, నాన్న రెండుసార్లు పొయ్యి కట్టెయ్యకుండా బయటికి వెళ్ళిపోయారు. వచ్చే నెల ఒక్కరే పడవేసుకుని దీవికి వెళ్తానంటున్నారు. నీ పక్కనే పని చేస్తుంటారుగా, కాస్త కనిపెట్టి చూడు. ఫర్వాలేదని నువ్వంటే నేను అడ్డు చెప్పను. కాదంటే ఎలాగైనా ఆపేస్తాను."

వదిన పోయాక అన్నయ్య ముఖంలో వెలుగు కనిపించింది ఆ ప్రయాణం ఊసు వచ్చినప్పుడే. ఇప్పుడు ఆ ప్రయాణం ఉండేదీ ఊడేదీ చెల్లెలి నోటిమాట మీద ఆధారపడింది. ఇంతకంటే పాడు ఉద్యోగం ఆమెకి ఎవరూ ఇవ్వలేదు.

మూడు రోజులు పడవని ఉప్పుకాగితంతో రుద్దారు. గట్టి రంగైతే పిండిలా రాలాలి. ఇది రాలడం లేదు, కాగితానికి జిగురులా పట్టి మూసుకుపోతోంది. "గాలిలో తేమ" అన్నాడు అన్నయ్య. ఆమె సరేనన్నట్టు తలూపింది. ఆ రాత్రి థిన్నర్ సీసా ఎక్కడుందో చూసి పెట్టుకుంది.

నాలుగో రోజు పొద్దున్నే ఆయన షెడ్డు గుమ్మంలో కూర్చుని రంగు కలపడం మొదలుపెట్టాడు. ఆమె థిన్నర్ సీసా కొంగుచాటున పెట్టుకుని పడవ వెనక్కి వెళ్ళింది. దొంగతనానికి వెళ్ళినట్టే ఉంది ఆమెకి. గుడ్డ తడిపి, అడుగున ఎవరికీ కనపడని చోట టేపుతో అంటించి, గడియారం చూసుకుంది.

"రోలర్ తీసుకురా!"

"ట్రే కడుగుతున్నా."

"ఎంతసేపు కడుగుతావే? మందు కలిపేశాను, ఇక్కడ రంగు చచ్చిపోతోంది!"

ఏడు నిమిషాలు. ఎనిమిది. ఆమె ఇంక ఆగలేక గుడ్డ అంచు పైకెత్తింది. గుడ్డంతా పడవ పాత రంగు, ఆకుపచ్చ. పడవ మీద గోరు పెడితే రంగు వెన్నలా దిగింది.

చెబితే ఆయన మాట తప్పని చెప్పడమే, ఆ నోటితోనే ప్రయాణమూ వద్దని చెప్పడమే. చెప్పకపోతే మధ్యాహ్నానికల్లా పడవ పక్కంతా ముడతలు లేస్తుంది, షెడ్డులో పనివాళ్ళంతా చూస్తుండగా ఆయనకే తెలుస్తుంది. ఆమె ఇవతలికి వచ్చేసరికి ఆయన బ్రష్షు పట్టుకుని నిలబడ్డాడు. వరస ఎప్పటిదే: ముందు ఆమె రోలర్‌తో రంగు పట్టిస్తుంది, వెనకే ఆయన బ్రష్షు కొసతో చారలు పోయేలా సాపు చేస్తాడు.

"ఇక కానివ్వు" అన్నాడు.

ఆమె డబ్బా వైపు వంగింది. మోచేయి తగిలింది. డబ్బా బల్ల మీంచి కిందపడి, నీలం రంగంతా సిమెంటు నేల మీద పరుచుకుంది.

"కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు! చిన్నపిల్లవా? బుద్ధుందా అసలు?"

"చెయ్యి జారిందన్నయ్యా."

ఆయన తిట్టుకుంటూ, నేల తుడవడానికి పాతగుడ్డల కోసం పడవ వెనక్కి వెళ్ళాడు. ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది, గుడ్డ తీసెయ్యలేదని. తిట్లు సగంలో ఆగిపోయాయి.

ఆకుపచ్చ గుడ్డ చేత్తో పట్టుకుని ఆయనే వచ్చాడు. కోపంగా ఉంటాడనుకుంది. భయపడ్డవాడిలా ఉన్నాడు.

"నీ చెయ్యి ఎప్పుడూ జారదు" అన్నాడు.

ఆమె గుడ్డ అందుకోబోతే ఆయన వదల్లేదు.

"కాదే, అప్పుడు ఈ పడవకి మందు నేనే కలిపాను. ఆ మందు డబ్బా మూత రాకపోతే స్క్రూడ్రైవర్‌తో ఎత్తాను, వేలు కూడా తెగింది. నువ్వు అటుపక్క నిలబడి రోలర్ పడుతున్నావు. తలకి పసుపు గుడ్డ కట్టుకున్నావు."

"ఆ ఏడు నేను ఇక్కడ లేనన్నయ్యా" అందామె. "నీ వేలు తెగింది డాక్టరుగారి పడవకి వేసేటప్పుడు."

ఆయన పడవ కింది దన్నుకర్ర పట్టుకుని మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. నేల మీద నీలం రంగు అంచుల్లో అప్పుడే గట్టిపడుతోంది. ఎవరూ తుడవలేదు.

"దీవి ముందు నీళ్ళకింద రాళ్ళుంటాయి. వాటి మధ్య పడవ పట్టేంత సందే ఉంటుంది" అన్నాడు. "ఎక్కడ ఎటు తిప్పాలో నాకు బాగా గుర్తుంది. ఆ పసుపు గుడ్డ గుర్తున్నట్టే. ఇంత స్పష్టంగానూ."

ఆమె వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఏడుపు వస్తుంటే ఆపుకోలేదు. కాసేపటికి ఆయన జేబులోంచి ఫోన్ తీసి కూతురికి కలిపాడు.

"అమ్మలూ, నేనేనమ్మా. దీవికి ఒక్కణ్ణే వెళ్ళడం లేదు." అటునుంచి ఏదో అడిగింది. ఆయన తలెత్తి చెల్లెలి వైపు చూశాడు. "లేదు, అత్త ఏమీ చెప్పలేదు. నేనే చెబుతున్నాను."