ఒక వస్తువు తక్కువ

సంచి మంచం మీద నోరు తెరుచుకుని ఉంది. తల్లి దాని పక్కనే కూర్చుని ఒక్కో వస్తువునూ రెండేసి సార్లు చూసుకుంటూ లోపల పెడుతోంది. రెండు జతల బట్టలు, తువ్వాలు, దువ్వెన, తలనొప్పి మాత్రలు, ఫోను చార్జరు, హాల్ టికెట్టు. హాల్ టికెట్టును మూడోసారి కూడా చూసింది. కూతురు మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు వెళ్లాలి. రేపు పొద్దున విశ్వవిద్యాలయం వాళ్ల కేంద్రంలో మౌఖిక పరీక్ష. మూడేళ్లూ ఫోనులోనే చదివిన సైకాలజీ డిగ్రీకి ఈ ఒక్కదానికి మాత్రం మనిషి స్వయంగా వెళ్లి ఎదురుగా కూర్చోవాలి.

టూత్ బ్రష్షును తల్లి సంచిలో పెట్టలేదు. దిండు కిందకి తోసేసింది.

అది ఆవిడ పద్ధతి. ఇంట్లోంచి ఎవరు ఊరికి బయల్దేరినా సంచి ఆవిడే సర్దాలి. సర్దాక అందులోంచి ఒక వస్తువు తీసి ఇంట్లో ఉంచేయాలి. ఆ వస్తువు కోసమైనా మనిషి వెనక్కి వస్తాడని ఆవిడ ధీమా. లిఫ్టులు బాగుచేసే అల్లుడు ఆవిడకు ‘కస్టమ్స్ ఆఫీసరు’ అని పేరు పెట్టాడు. ఒకసారి ఆయన పనిమీద వెళ్లి, మూడు రోజులు ఒంటికాలి సాక్సుతో తిరిగి వచ్చాడు. “అత్తయ్యా, ఈసారి రెండూ ఉంచేసుకోండి. ఒక్కటే ఉంటే చూసినవాళ్లకి నామీద అనుమానం వస్తోంది” అన్నాడు.

ఇక ప్రాజెక్టు పుస్తకం ఒక్కటే మిగిలింది. ప్లాస్టిక్ తీగ చుట్టిన నలభై పేజీల పుస్తకం. పుస్తకాన్ని ఊరికే సంచిలో పడేయడం ఆవిడ చేతికి అలవాటు లేదు. బైండింగు షాపులో ముప్పై ఐదేళ్లు కాగితాలు మడిచి, వరసపెట్టి, కుట్టిన చెయ్యి అది. బొటనవేలితో అంచు వంచి పేజీలు జారవిడిచింది. ఇరవై ఒకటి తర్వాత ఇరవై మూడు వచ్చింది. దాని వెనక ఇరవై రెండు.

“దొంగ పని” అనుకుంది పైకే. “తీగ చుట్టేవాడికి అంకెలు కూడా రాకపోతే ఎలా?”

అంకెలొస్తే చాలని ఆవిడకు బాగా తెలుసు. షాపులో చేరిన రోజున యజమాని చదవడం వచ్చా అని అడిగితే వచ్చు అని అబద్ధం చెప్పింది. ఆవిడకు వచ్చింది అంకెలే. పేజీలు వరసపెట్టడానికి అవి సరిపోయాయి కాబట్టి ఎవరూ కనిపెట్టలేదు. అక్షరాలు ఆ తర్వాత, ముప్పై మూడో ఏట, ఆ కాగితాల మీదే ఎవరి సాయమూ లేకుండా నేర్చుకుంది. అప్పటినుంచి చేతికందిన ప్రతి పుస్తకాన్నీ చదువుతూనే ఉంది. ఎందుకు నేర్చుకున్నావని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఇరవై రెండో పేజీ మీద ఆవిడ చూపు ఆగింది.

‘స అనే వ్యక్తి డెబ్బై ఒక్క ఏళ్ల వృద్ధురాలు. పాఠశాల విద్య లేదు. కుటుంబ సభ్యుల ప్రయాణాల సమయంలో తీవ్రమైన ఆందోళన కనబరుస్తుంది. వారి సంచుల నుంచి వస్తువులు తీసి దాచే అలవాటు ఉంది.’

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. స. ముక్కూ మొహం లేని ఒక్క అక్షరం! దాని కింద ఒక ప్రశ్న, దానికి జవాబు.

‘ఈ ప్రవర్తన ఎప్పుడు మొదలైంది? భర్త కుటుంబాన్ని విడిచి వెళ్లిన తర్వాత.’

మొదటి పేజీకి వెళ్లి చివరిదాకా చదివింది. ఎన్నింటికి లేచింది, గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడింది, బస్సు బయల్దేరాక ఎన్నిసార్లు ఫోను చేసింది, అన్నీ ఉన్నాయి. ఆరు వారాలు, తేదీల వారీగా. ఆవిడ కూరగాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని కూతురు ఏవో నోట్సు రాసుకుంటూ ఉండేది. పాఠాలనుకుంది.

ఆ నలభై పేజీల్లో పెద్దపిల్ల, ఈ కూతురి అక్క, లేదు. ఒక్క వాక్యంలోనూ లేదు.

ఆఖరి పేజీ అంగీకార పత్రం. కింద సంతకం ఆవిడదే. కళ్లజోడు కాడ విరిగి బాగుకి ఇచ్చిన రోజున పెట్టింది. “నెట్ కనెక్షన్ వాళ్ల కాగితం, ఇక్కడ పెట్టమ్మా” అంది కూతురు. అక్షరం వచ్చాక జీవితంలో చదవకుండా సంతకం పెట్టిన కాగితం అదొక్కటే.

అప్పుడే కూతురు పొద్దుటి డ్యూటీ దిగి వచ్చింది. ఆస్పత్రిలో ఆయా. పదిహేడేళ్లుగా వార్డులు తుడుస్తోంది. ఆమె కంటే ముందు ఫినాయిలు వాసన గదిలోకి వచ్చింది.

“అయిపోయిందా సర్దడం? ఈసారి ఏం కొట్టేశావు? చెప్పేయ్, దారిలో కొనుక్కుంటాను.”

“స అంటే ఎవరే?”

కూతురి మొహంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది.

“అమ్మా, అది ఎందుకు తీశావు?”

“పేజీలు తప్పు పడ్డాయి కాబట్టి తీశాను. ఇరవై మూడు ముందొచ్చింది. స ఎవరే అంటున్నాను!”

“పేరు రాయకూడదు. అది రూలు. మర్యాద కోసమే అలా రాస్తారు.”

“ఓహో, మర్యాదా! నెట్ వాళ్ల కాగితమని చెప్పి సంతకం పెట్టించుకున్నావే, అది ఏ రూలు? రెండో సంవత్సరంలో మీ మాస్టారు ఏం చెప్పాడు? ఎవరి మీద రాస్తామో వాళ్లకి అర్థమయ్యే మాటల్లో ముందే చెప్పాలన్నాడా లేదా? ఆ రోజు నెట్ రెండుసార్లు పోయింది. ఆయన మళ్లీ మొదటినుంచి చెప్పాడు. నాకైతే రెండుసార్లూ వినపడింది.”

నిజమే. మూడేళ్లు ఫోనును పంచదార డబ్బాకి ఆనించి కూతురు పాఠాలు వింటుంటే, కెమెరాకు కనపడకుండా ఈవైపు కూర్చుని తల్లి కూడా విన్నది. పరీక్షలు రాసేది కూతురే, హాజరు పడేదీ కూతురికే. ఒకసారి మైకు ఆపడం మరిచిపోతే, “ఆ మాస్టారికి జలుబు చేసినట్టుంది, ఇవాళ త్వరగా వదిలేస్తే బాగుణ్ణు” అన్న ఆవిడ మాట అరవైమంది విద్యార్థులూ విన్నారు. మాస్టారు థాంక్స్ చెప్పి త్వరగానే వదిలేశాడు.

“ముందే చెబితే నువ్వు మామూలుగా ఉండవమ్మా. గమనిస్తున్నారని తెలిస్తే మనుషులు మారిపోతారు. అదీ పాఠంలోనే ఉంది.”

“నన్ను గమనించడానికి నేనేమన్నా చీమల పుట్టనా?”

“పోనీ, నేనూ ఒకటి అడుగుతాను, చెప్పు!” కూతురు గొంతు పెంచింది. “పదో తరగతి పరీక్షకి వెళ్తుంటే నా పెన్ను దాచావు. హాల్లో లేచి నిలబడి పరాయివాళ్లని అడుక్కున్నాను. అందరూ నవ్వారు. కాన్పుకి ఆస్పత్రికి వెళ్తే కళ్లజోడు ఉంచేశావు. పుట్టిన బిడ్డ మొహం నాకు సరిగ్గా కనపడటానికి రెండు రోజులు పట్టింది! నలభై రెండేళ్లొచ్చాయి, ఊహ తెలిసినప్పటినుంచీ ఒక వస్తువు తక్కువతో బతుకుతున్నాను. ఎందుకో తెలుసుకోవాలని ఉండదా నాకు? ఈ చదువులో చేరిందే అందుకు!”

“తెలుసుకోవాలంటే నోరుంది కదా! అడగొచ్చు కదా! ఆరు వారాలు నన్ను చూశావు. ఎన్నిసార్లు గుమ్మం దగ్గరికి వెళ్లానో గీతలు గీసి లెక్కపెట్టావు. ఒక్క రోజు, ఒక్క పూట, ‘అమ్మా, ఎందుకు?’ అన్నావా?”

కూతురు తల వంచి సంచి పట్టీని వేలికి చుట్టుకుంది.

“పైగా మీ నాన్నట! ఆయన వెళ్లిపోయినందుకు నేను వస్తువులు దాస్తున్నానట! ఆయన వెళ్లడం కాదే నాకు కష్టమైంది. మూడుసార్లు తిరిగి రావడం. నాలుగోసారి వెళ్లినప్పుడు ఆయన గోళ్ల కత్తెరతో సహా సంచిలో పెట్టి పంపాను.”

అన్నం డబ్బా కోసం వచ్చిన అల్లుడు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇద్దరి మొహాలూ చూశాడు.

“రండి బాబూ” అంది అత్తగారు. “మీ ఆవిడ మీమీద ఇంకా ఏమీ రాయలేదు. మీ వంతు ఎమ్మేలో వస్తుంది.”

“లిఫ్టు మధ్యలో ఆగితే తలుపు తీయగలను గానీ అత్తయ్యా, ఇది నా పనిముట్లతో అయ్యేది కాదు” అని డబ్బా తీసుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మెట్లు దిగిపోయాడు.

తల్లి అంగీకార పత్రాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో మాటా నొక్కి చదివింది. “పాల్గొనే వ్యక్తి, ఏ కారణమూ చెప్పకుండా, ఎప్పుడైనా తప్పుకోవచ్చు.” కాగితం దించింది. “తప్పుకుంటున్నాను.”

“అమ్మా!”

“కారణం చెప్పక్కర్లేదట.”

కూతురు మంచం అంచున కూలబడింది. “నువ్వు తప్పుకుంటే ప్రాజెక్టు లేదు. ప్రాజెక్టు లేకపోతే డిగ్రీ లేదు. మళ్లీ ఏడాది ఆగాలి. కౌన్సెలింగ్ గదిలో సహాయకురాలి పోస్టు ఈ నెలాఖరుకి భర్తీ చేసేస్తారు. మేట్రన్ నా పేరు రాసి పంపింది. పదిహేడేళ్లమ్మా! పేషెంట్లు ఏడుస్తుంటే నేను మాప్ పట్టుకుని పక్కనుంచి వెళ్లిపోవాలి. ఆగి ఒక మాట మాట్లాడితే సూపర్‌వైజరు తిడతాడు. ఆ గదిలోనైతే కూర్చోనిస్తారు. వినడమే అక్కడ పని.”

“వినడమా?” అంది తల్లి. “వాళ్లని కూడా ఇలాగే వింటావా? నోట్సు రాసుకుంటూ, వాళ్ల మొగుళ్లు వెళ్లిపోయారని నీకు నువ్వే రాసేసుకుంటూ?”

ఆ మాట కూతురికి బాగా తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ ఏడవలేదు. కోపం వస్తే ఏడవకుండా పళ్లు బిగించడం ఆమెకు తల్లి దగ్గరనుంచే వచ్చింది.

“తప్పు చేశాను” అంది చివరికి. “అబద్ధం చెప్పి సంతకం పెట్టించుకున్నాను. తప్పే. కానీ నువ్వు కూడా ఎప్పుడూ ఏదీ చెప్పవు. ఈ ఇంట్లో నిన్ను ఏదన్నా అడగాలంటే భయం. అడిగితే లేచి వంటింట్లోకి పోతావు.”

తల్లి లేచింది. నిజంగానే వంటింటివైపు రెండడుగులు వేసింది. మూడో అడుగు దగ్గర ఆగింది. తను తప్పుకుంటే ఈ నలభై పేజీలు చెత్తబుట్టలోకి పోతాయి. భర్త వల్లే అన్న అబద్ధమూ పోతుంది. కానీ పెద్దపిల్ల అప్పుడు కూడా ఏ కాగితం మీదా ఉండదు.

వెనక్కి వచ్చింది. కోపం తగ్గి కాదు.

“సంతకం లేని కాగితం ఇంకొకటి ఉందా?”

“ఫైల్లో ఉంది.”

“తీసుకురా. పెన్ను కూడా. ఒక తెల్లకాగితం.”

కొత్త అంగీకార పత్రాన్ని పైనుంచి కిందిదాకా గట్టిగా చదివింది. చదువుతున్నంతసేపూ కూతుర్ని నిలబెట్టే ఉంచింది. రెండుచోట్ల ఆగి అర్థం అడిగింది. తెలియక అడగలేదు, చెప్పించడానికి అడిగింది. సంతకం పెట్టింది. పాత దాన్ని పుస్తకంలోంచి పీకి నాలుగు ముక్కలు చేసి కూతురి చేతిలోనే పెట్టింది.

తర్వాత పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని ప్లాస్టిక్ తీగ కొసను గోటితో తిన్నగా చేసి తిప్పి తిప్పి లాగింది. పేజీలు విడిపోయాయి. ఇరవై రెండో పేజీలో భర్త గురించిన జవాబును అడ్డంగా కొట్టేసింది. గోడవైపు తిరిగి తెల్లకాగితం మీద రాసుకుంది. ఎక్కువసేపు పట్టలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా తలలో వరసపెట్టి ఉంచిన మాటలు. ఆ కాగితాన్ని పేజీల కొలతకు మడిచి చింపి, దబ్బనంతో అంచున రంధ్రాలు పొడిచి, ఇరవై రెండు వెనకా ఇరవై మూడు ముందూ చేర్చి, కొత్త అంగీకార పత్రాన్నీ అలాగే ఆఖర్న పెట్టి తీగను మళ్లీ ఎక్కించింది.

“ఏం రాశావు?” అంది కూతురు.

“బస్సులో చదువుకో. నా ముందు తెరవకు. రేపు వాళ్లు అడిగితే, ఇది మా అమ్మ రాసింది, నేను అడగలేదు అని చెప్పు. ఆ మాట మింగావంటే మళ్లీ నా గుమ్మం తొక్కకు.”

“చెప్తాను.”

పుస్తకం సంచిలోకి వెళ్లింది. తల్లి దిండు కింద చెయ్యి పెట్టి బ్రష్షు తీసి విసురుగా సంచిలో వేసింది. “ఇదిగో. అన్నీ ఉన్నాయి. నేను ఏదీ దాచలేదు. రాసుకో.”

కూతురు ఆమెను చూసింది. సంచిలో చెయ్యి పెట్టి బ్రష్షు తీసి, మంచం మీద తల్లి పక్కన టప్పున కొట్టినట్టు పెట్టింది. జిప్పు లాగింది.

“ఎల్లుండి పదింటి బస్సుకి వస్తాను” అంది. వెళ్లొస్తానని కూడా అనకుండా మెట్లు దిగింది.

తల్లి కిటికీ దగ్గరికి వెళ్లలేదు. గుమ్మం దగ్గరా నిలబడలేదు. బ్రష్షును పిడికిట్లో పట్టుకుని మంచం మీదే కూర్చుంది. బస్సు ఊరు దాటేసరికి కూతురు ఆ పేజీ తెరుస్తుందని ఆవిడకు తెలుసు. ఈ ప్రవర్తన ఎప్పుడు మొదలైంది అన్న ప్రశ్నకు జవాబుగా, గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేతా లేకుండా ఆ పేజీలో ఇలా ఉంది:

‘మా పెద్దమ్మాయికి పదమూడేళ్లు. ముప్పై ఎనిమిదేళ్ల కిందట జూన్ పదకొండు, సోమవారం, పొద్దున ఆరున్నర బస్సుకి చదువుకోవడానికి హాస్టలుకి వెళ్లింది. సంచి నేనే సర్దాను. ఏదీ మరిచిపోలేదు. జూలై ఇరవై ఎనిమిది, శనివారం, హాస్టలు నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటికి నాకు చదవడం రాదు. వచ్చని షాపులో అబద్ధం చెప్పాను కాబట్టి అక్కడ ఎవరినీ చదివి పెట్టమని అడగలేదు. బాగున్నానని రాసి ఉంటుందనుకుని, నా భర్త వచ్చేదాకా అలమరలో పెట్టాను. ఆయన బుధవారం వచ్చి చదివాడు. పిల్లకి జ్వరం, వెంటనే రండి అని ఉంది. మేము చేరేసరికి గురువారం మధ్యాహ్నమైంది. పిల్ల ఆ పొద్దునే పోయింది. అక్కడే పూడ్చాము. ఆగస్టు రెండో తేదీ. మా పెద్దమ్మాయి తిరిగి రాలేదు.’