ఎదురు చుట్టు

పైపు మర మీద జనపనార పోగు చుడుతున్న గిరిబాబు మధ్యలో ఆగి, చుట్టిందంతా విప్పి, మళ్లీ మొదటినుంచీ చుట్టాడు. ఇందాకా సరిగ్గానే చుట్టాడు, ఇప్పుడూ సరిగ్గానే ఉంది. ఇరవై ఆరేళ్లుగా కుళాయిలు బిగిస్తున్నవాడికి ఒక్క జాయింటు మీద ఇంత అనుమానం రాకూడదు. కానీ ఆ రోజు సాయంత్రం అయిదు గంటలకు అతను కొనబోయే ఇంటికి బయానా ఇవ్వాలి. అందుకని నిద్ర లేచినప్పటి నుంచీ దేన్ని ముట్టుకున్నా రెండుసార్లు చేస్తున్నాడు. పళ్లు కూడా రెండుసార్లు తోమాడు.

బైపాసు రోడ్డు మీద కొత్తగా లేచిన అయిదంతస్తుల అపార్టుమెంటు మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి, పొట్టి. ఎడమచేతి బొటనవేలు ఎప్పుడో రెంచి కింద నలిగి చదునైపోయింది. నేలకు ఆనించి ఆనించి మోకాళ్లు కాయలు కాచాయి. ఇప్పుడన్నీ ప్లాస్టిక్ పైపులే, జిగురు రాసి అతికించడమే పని. అయినా ఎక్కడైనా ఇనప జాయింటు తగిలితే పెట్టెలోంచి మర మీద రాసే తెల్ల సఫేదా డబ్బా, నార తీస్తాడు. మర తిరిగే వైపుకే నార చుట్టాలి. ఎదురు చుడితే బిగిస్తున్నకొద్దీ లోపల్లోపల విడిపోతుంది, పైకి మాత్రం బిగిసినట్టే ఉంటుంది.

విజయనగరంలో సగం ఇళ్లకు నీళ్లు తెచ్చిన గిరిబాబు ఇంట్లో కుళాయి లేదు. కొత్తపేటలో రెండు గదుల రేకుల పోర్షన్. అయిదు కుటుంబాలకు పెరట్లో ఒకటే పంపు, ఆ పంపు మీద ఇంటివాడి పెత్తనం. పెళ్లయిన కొత్తలో సుహాసినితో, ఏడాది తిరక్కుండా వంటింట్లోకే కుళాయి పెట్టిస్తానన్నాడు. ఇరవై రెండేళ్లు తిరిగాయి. కూతురు హేమ డిగ్రీకి వచ్చింది. సుహాసిని ఇంకా బిందెలు మోస్తూనే ఉంది. ఆ మాట ఆమె ఎప్పుడూ గుర్తు చేయలేదు, అదే అతనికి ఎక్కువ గుచ్చుకునేది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు పాత ఫ్లాటు కొని చూడమని ఎందుకో అనలేదు. బహుశా వాళ్లకు ఆ భాగ్యం కలగలేదు కాబోలు. చీపురుపల్లి దగ్గర వాటాకొచ్చిన మెట్ట అమ్మగా వచ్చింది, సుహాసిని కుట్టుమిషను మీద కూడబెట్టింది, అంతా కలిపితే ఇరవై మూడు లక్షలు. దాని మీద రూపాయి లేదు. ఈ కొత్త అపార్టుమెంటులో ఫ్లాటు ముప్పై ఆరు. లిఫ్టు ఉంది, గదులు కొలిచి కోసినట్టున్నాయి, బ్యాంకువాళ్లు అప్పిస్తామంటున్నారు. అది తీరేసరికి గిరిబాబుకు అరవై అయిదు వస్తాయి. ఇక గోడల్లో ఎంత పల్చటి పైపులు వేశారో అతనికి తెలుసు, వేసింది అతనే కదా.

అందుకే అతని మనసు కోట దగ్గర ఉన్న వసంత విహార్‌లో ఏడో నంబరు మీద ఉంది.

మధ్యాహ్నం భార్యను అక్కడికి తీసుకెళ్లాడు. వసంత విహార్ ఎనభై ఆరులో కట్టిన మూడంతస్తుల మేడ. లిఫ్టు లేదు. ఏడో నంబరు రెండో అంతస్తు. టేకు తలుపులు, కిటికీ పైన రంగు అద్దాలు, చలవ రాళ్లలా మెరిసే మొజాయిక్ నేల, చెయ్యెత్తితే అందనంత ఎత్తున కప్పు. మధ్యాహ్నం ఎండ రంగు అద్దాల్లోంచి దిగి నేల మీద పరుచుకుంటుంది. ఇరవై రెండేళ్ల వయసులో, ఈ మేడలో పైపులన్నీ మార్చే పనికి మేస్త్రీ ధనరాజు వెనకాల పెట్టె మోసుకుంటూ మొదటిసారి ఆ ఎండలో కూర్చుని టిఫిను తిన్నప్పుడు, ఇల్లంటే ఇలా ఉండాలనుకున్నాడు. ఆ ఆశ ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని భయం.

సుహాసిని మెడలో టేపు తియ్యకుండానే వచ్చింది. గదులన్నీ ఆ టేపుతోనే కొలిచింది.

"ఇంత పొడుగు నడవా ఏటికి మావా? గుడ్డంతా దండగ. బాత్రూము సూడు, వంటిల్లు దాటి ఎల్లాల. పడగ్గదిలో పట్టపగలు లైటెయ్యాల. సోకు బాగున్నాది గానీ కొలత బాగులేదు."

వంటింట్లో కుళాయి దగ్గర మాత్రం ఆమె ఆగింది. తిప్పింది. నీళ్లు ఇత్తడి మూతిలోంచి బుస్సుమని వచ్చాయి. అరచెయ్యి కింద పెట్టి కాసేపు అలాగే ఉంది. కట్టేసింది. మళ్లీ తిప్పింది. గుమ్మంలోంచి చూస్తున్న గిరిబాబు, ఇక ఈ ఇల్లు కొనకపోతే తను బతికీ దండగ అనుకున్నాడు.

ఇల్లు దేముడమ్మది. పెద్దాసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసి రిటైరైంది. అందరూ సిస్టరమ్మ అంటారు. డెబ్బై ఆరేళ్లు, ఒంటరి మనిషి. మోకాళ్లు వాచి మెట్లు దిగలేక, చీపురుపల్లిలో తమ్ముడి కొడుకు ఇంటి కింది వాటాలోకి వెళ్లిపోదామని నిర్ణయించుకుంది. పడగ్గదిలో పేము కుర్చీలోంచి లేవకుండానే ఇద్దరికీ మజ్జిగ వంచింది. ఆమె వెనక గోడంతా మరక. పైనుంచి కిందికి పాకి, మధ్యలో నల్లబడి, అంచుల్లో పసుపు తిరిగి ఉంది. మూలన కప్పులోంచి చుక్క పడుతోంది. దాని కింద నీలం అంచు ఉన్న తెల్లటి ఎనామిల్ బేసిను పెట్టింది. రిటైరైన రోజు ఆసుపత్రి నుంచి ఆమె అడిగి తెచ్చుకున్న వస్తువు అదొక్కటే.

"ఈ మరక సూసి ఎంతమంది పారిపోయినారో లెక్కలేదమ్మా. గిరి ఒక్కడే నిలబడ్డాడు," అంది దేముడమ్మ.

గిరిబాబు మజ్జిగ గ్లాసులోకి చూశాడు.

"ఆయనకి భయం లేదు గానీ నాకు గుండె దడదడలాడతన్నాది సిస్టరమ్మా," అంది సుహాసిని. "స్లాబు పాడైపోతే మా బతుకేటి? ముప్పై అన్నారు, ఇరవై అయిదుకి దిగినారు. ఇరవై మూడు సేసుకోండి. అంతకన్నా మా దగ్గర లేదు."

దేముడమ్మ ఆమెను చూడలేదు. గిరిబాబును చూసింది.

"ఒరే గిరీ, నువ్వు సెప్పు. స్లాబేనంటావా?"

చుక్క బేసిన్లో పడింది.

"పాత బిల్డింగు గదా సిస్టరమ్మా," అన్నాడు చివరికి.

"నువ్వన్నాక మరేటున్నాది. అలాగే కానీండి. సాయంత్రం బేగి రండి, దశమి ఎల్లిపోకముందే."

సుహాసిని పండూ తాంబూలం తెస్తానని సంతోషంగా మెట్లు దిగి వెళ్లిపోయింది. గిరిబాబు మెట్ల మీదే కూర్చుని క్యారేజీ విప్పాడు. అన్నం నోటికి పోలేదు.

స్లాబు కాదని అతనికి తెలుసు. కిందటి వానాకాలం పై ఫ్లాటులో రేఖమ్మ, టీచరు, బాత్రూములో నీళ్లు సరిగా రావడం లేదంటే టైలు ఒకటి ఊడదీశాడు. లోపల ఇనప పైపు వంపు దగ్గర జాయింటు చెమర్చుతోంది. టార్చి వేసి చూస్తే, మర అంచున నార ఎదురు చుట్టి కనిపించింది. ఊళ్లో అలా ఎదురు చుట్టినవాడు ఒక్కడే. ఎడమచేతి వాటం గిరిబాబు, పని నేర్చుకునే రోజుల్లో. ఆ తప్పుకే ధనరాజు మేస్త్రీ నెత్తిన ఎన్నిసార్లు మొట్టాడో. ఆ జాయింటు బిగించింది పైడితల్లమ్మ పండగకు ముందురోజు, తొలేళ్ల నాడు. సఫేదా అయిపోయింది, కొట్లు కట్టేశారు, చెరువు గట్టున డప్పులు వినిపిస్తున్నాయి. మేస్త్రీ ముందే వెళ్లిపోయాడు. రేపొచ్చి విప్పి మళ్లీ కడదామనుకుని గిరిబాబు కూడా పరుగెత్తాడు. ఆ రేపు రాలేదు. పైన టైలు వేసేశారు.

అది కళ్లారా చూసినప్పుడు ముందు సిగ్గేసింది. ఈ మేడలో పన్నెండు ఇళ్ల పనీ తనదే, ఒకటి బయటపడితే పన్నెండూ అనుమానమే. టైలు పెట్టి తెల్ల సిమెంటు పూశాడు, రేపు చూద్దామనుకున్నాడు. ఆ వారంలోనే సిస్టరమ్మ ఇల్లు అమ్ముతానంది. అప్పటి నుంచీ ఆ చుక్క పడినప్పుడల్లా ఇంటి ధర దిగింది. సిగ్గు కూర్చున్న పీట మీదే ఆశ వచ్చి కూర్చుంది, అతనికి తెలియకుండానే. కాదు, తెలిసే.

ఈ సిస్టరమ్మే, రెంచి కింద బొటనవేలు నలిగిన రోజు ఇదే మెట్ల మీద అతన్ని కూర్చోబెట్టి కట్టు కట్టింది. ఏడుస్తుంటే, "మగోడివి, ఏటా ఏడుపు," అని తిట్టి, బెల్లం ముక్క నోట్లో పెట్టింది. నిజం చెబితే ముప్పై లక్షల ఇల్లు. చెప్పకపోతే ఇరవై మూడు. మధ్యలో ఏడు లక్షలు, సుహాసిని అరచేతిలో పడ్డ నీళ్లు. మింగలేక కక్కలేక అరగంట కూర్చున్నాడు. తర్వాత క్యారేజీ మూత పెట్టి, పైకెక్కి రేఖమ్మ తలుపు తట్టాడు.

"ఇప్పుడా గిరిగారూ? పేపర్లు దిద్దుకుంటన్నాను," అంది ఆమె.

"ఒక్క గంటమ్మా. నీళ్లు కట్టేస్తాను. అప్పుడు నాను సేసిన పనే, నానే సరిసెయ్యాల."

టైలు పగలకుండా తీశాడు. ఉలితో గోడ తొలిచాడు. రెంచి వేసి పట్టేసరికి పాత వంపు తుప్పు రాలుస్తూ కదిలింది. దాని లోపల కుళ్లిన నార నల్లగా, ఎదురుగా చుట్టుకుని ఉంది. ఆ పాత వంపును గుడ్డలో చుట్టి జేబులో వేసుకున్నాడు. కొత్త వంపుకు సఫేదా రాసి, నార మర వైపుకు చుట్టి, బిగించి, నీళ్లు వదిలి, పొడి కాగితం పట్టి చూశాడు. కాగితం తడవలేదు. ఇంకోసారి పట్టి చూశాడు. స్లాబులో నిలిచిన నీరు దిగడానికి రెండు రోజులు పడుతుంది, ఆ తర్వాత ఆ గోడ ఎండిపోతుంది. ఇంత చిన్న పని. మెట్లు దిగాడు. సిస్టరమ్మా, మరక నాది అనాలి. అంతే. ఆ తర్వాత ఆమె ఇష్టం.

అయిదుకు పావు తక్కువ. తలుపు ఎప్పట్లాగే తెరిచే ఉంది. దేముడమ్మ పేము కుర్చీలో ఒక పక్కకు వాలి ఉంది. కళ్లజోడు ఒళ్లోకి జారింది. సాయంత్రానికని కాబోలు ఉతికిన చీర కట్టుకుంది, జడలో కనకాంబరం కూడా పెట్టుకుంది. గిరిబాబు రెండుసార్లు పిలిచాడు. మణికట్టు పట్టుకుని చూశాడు. నాడి ఎలా చూడాలో ఆమే నేర్పింది ఒకప్పుడు. ఎంతసేపు పట్టుకున్నా వేళ్లకు ఏమీ తగల్లేదు.

సుహాసిని కొబ్బరికాయా, అరటిపళ్లూ ఉన్న సంచీతో గుమ్మంలో ఆగిపోయింది.

చీపురుపల్లి నుంచి తమ్ముడి కొడుకు నరసింగరావు మోటారు సైకిల్ మీద వచ్చేసరికి ఏడున్నరయింది. మేడలోవాళ్లు వచ్చి వెళ్తున్నారు. రేఖమ్మ దీపం పెట్టింది. నరసింగరావు కాసేపు అత్త కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చి, ముఖం తుడుచుకుని గిరిబాబు దగ్గరకు వచ్చాడు.

"ఇప్పుడనకూడదు గానీ గిరన్నా. అత్త మధ్యాహ్నం ఫోను సేసినాది. ధర గిరి ఎంతంటే అంతేరా, ఆడి మాట మీద నువ్వు బేరమాడకు, అన్నాది. బయానా ఇయ్యలేదని నువ్వు దిగులు పడకు. నువ్వు సెప్పు, అదే మాట."

గిరిబాబు భార్య వైపు చూశాడు. ఆమె కళ్లు ఏడ్చి వాచి ఉన్నాయి, అయినా వాటిలో ఆశ ఉంది. ఇరవై మూడు అనడానికి ఎవరూ అడ్డం లేరు. తెలియాల్సిన ఒక్క మనిషీ తెలుసుకోకుండానే వెళ్లిపోయింది.

"ముప్పై," అన్నాడు.

సుహాసిని చేతిలోంచి సంచీ జారి నేలకు ఆనింది.

"మరక ఉన్నాది గదన్నా?" అన్నాడు నరసింగరావు.

గిరిబాబు జేబులోంచి గుడ్డ తీసి విప్పాడు. తుప్పు పట్టిన ఇనప వంపు నరసింగరావు అరచేతిలో పెట్టాడు. "స్లాబు బాగున్నాది. ఆ మరక నాదే. మధ్యాహ్నం కట్టీసినాను, రెండు రోజుల్లో ఆగిపోతాది. నాకు ముప్పై తూగదు తమ్ముడూ. వేరేవాలకి అమ్ముకో. మంచి ఇల్లు, తక్కువకి ఇయ్యకు."

నరసింగరావుకు సగమే అర్థమైంది. పదకొండు రోజులయ్యాక మాట్లాడదామన్నాడు. సుహాసిని వంటింట్లోకి వెళ్లి, దేముడమ్మ ముఖం తుడవడానికి చెంబుతో నీళ్లు పట్టింది. చెంబు నిండాక కుళాయి చాలాసేపు గట్టిగా బిగించడం గిరిబాబుకు వినిపించింది.

చీపురుపల్లి తీసుకెళ్లడానికి అంబులెన్సు వచ్చింది. ఇరుకు మెట్ల మలుపు దగ్గర స్ట్రెచరు తిరగలేదు. గిరిబాబు తల వైపు పట్టుకుని, ఆమెను చేతుల మీద దించాడు. నరసింగరావు తలుపు తాళం వేసి, అందరూ కిందికి దిగారు.

తాళం వేసిన గదిలో, పేము కుర్చీ పక్కన, నీలం అంచు ఎనామిల్ బేసిను అలాగే ఉండిపోయింది. పారబోసేవాళ్లు లేక సగం దాటి నిండిన నీళ్లలో పైనుంచి ఇంకో చుక్క పడింది.