ఎర్ర రిబ్బను

బాలగంగాధరం మేస్టారు కొబ్బరి చిప్పలో నల్లరంగు కలుపుతున్నారు. హైస్కూల్లో డ్రాయింగు గది అంటే సగం గది. మిగతా సగంలో విరిగిన బల్లలూ గాలిపోయిన వాలీబాళ్ళూ. పొద్దుట నుంచీ ఎడమ భుజం లాగుతోంది. నిన్న సైకిలు తోసుకుంటూ రాజోలు నుంచి నడిచేను కదా, అందుకే అనుకున్నారాయన. చొక్కా కాలరు తిరగేసి కుట్టింది. వేళ్ళ సందుల్లో రంగు ఏ సబ్బుకీ వదలదు.

దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ బెంచీలు కూడా వేరట. మనుషులంతా ఒక్కటేనని చెప్పే బొమ్మ వెయ్యమన్నారు హెడ్మాస్టరు. రేపు ఇన్‌స్పెక్షను. ఒకే బెంచీ మీద తెల్లపిల్ల, నల్లపిల్లాడు పక్కపక్కన కూర్చున్నారు. బొమ్మ బాగా కుదిరింది. తన చేత్తో ఇంత మంచి బొమ్మ పడి ఎన్నాళ్ళయిందో!

ఎదురుగా మనిషి లేకపోతే మేస్టారికి ముఖం రాదు. అందుకని క్లాసులో అందరికంటే తెల్లగా ఉండే సత్యవతిని, అందరికంటే నల్లగా ఉండే రాంబాబుని కూర్చోబెట్టుకుని వేశారు. ఆ పిల్ల బొమ్మ కోసమని ఎర్ర రిబ్బను కట్టుకొచ్చింది. సత్యవతిది ఊరవతల హరిజనపేట. రాంబాబు స్కూలు కరస్పాండెంటు బుచ్చిరాజుగారి మనవడు. ఈ సంగతి మేస్టారికి తెలీక కాదు, రంగులు చూసుకుంటూ మర్చిపోయారు. లోకంలో ఇంకెవరైనా మర్చిపోతారా!

ఇంటర్వెల్లో బుచ్చిరాజుగారు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశారు.

"ఆ తెల్లపిల్ల పేట పిల్లేనాండీ?"

"ఆయ్."

"నా మనవణ్ణి నీగ్రోని చేసి, పేటపిల్లని దొరసాన్ని చేసేరన్నమాట." ఆయన గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచరు. "రంగులు అటూ ఇటూ మార్చెయ్యండి. రేపు మీ పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టాల్సింది నేనే కదండీ."

"ఆయ్," అన్నారు మేస్టారు.

తొమ్మిదేళ్ళుగా ఆయన టెంపరరీ. ఏటా వేసవికి తీసేస్తారు, స్కూళ్ళు తెరిచాక మళ్ళీ వేసుకుంటారు. వేసవంతా భార్య శ్యామలాంబ పొరుగూళ్ళలో పెళ్ళి వంటలకి వెళుతుంది. ఈసారి కాగితం రాకపోతే వయసు దాటిపోతుంది, ఇంకెప్పటికీ రాదు. పొద్దుట ఆవిడ గుమ్మం దాకా వచ్చి, ఇవాళ బుచ్చిరాజుగారిని మంచి చేసుకోండి అని మరీ మరీ చెప్పింది.

ఇంకో అట్ట లేదు. అమలాపురం వెళ్ళి తెచ్చే వేళా లేదు. మేస్టారు కుంచె ముంచి సత్యవతి బుగ్గ మీద నల్లగా ఒక్క గీత లాగారు. తెలుపు నలుపైపోవడానికి ఎంతసేపు! నాలుగు గీతల్లో ఆ పిల్ల లేదు. గుండెల్లో ఏదో కలుక్కుమంది. దొంగతనం చేసినట్టు తలుపు వైపు చూశారు.

రాంబాబు దగ్గరే చిక్కొచ్చింది. తెల్లరంగు తగలగానే అడుగు నలుపు కరిగి పైకొచ్చింది. ముఖం బూడిదయింది. ఆరనిచ్చి మళ్ళీ వేశారు, మళ్ళీ బూడిదే. సీసా అడుగంటింది. నీళ్ళు పోసి గిలకొట్టి, ఆ తెల్లనీళ్ళే పూశారు. ఎంత పూసినా లోపలి నలుపు ఊరుతూనే ఉంది. భగవంతుడా, ఈ ఒక్క ముఖం తెల్లబడనీ అనుకున్నారు. చెమట మెడ మీంచి కారుతోంది.

మధ్యాహ్నం గంట కొట్టేక సత్యవతి వచ్చింది, బొమ్మ పూర్తయిందేమో చూద్దామని. అట్ట ముందు నిలబడి తనని వెతుక్కుంది.

"రిబ్బను నాదేనండి," అంది. "మొహం ఎవరిదండీ?"

మేస్టారు వంగి కుంచె కడగసాగారు. ఆ పిల్ల కాసేపు చూసి, తలలో రిబ్బను ఓసారి తడుముకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. ఏడుపొచ్చింది ఆయనకి, ఈ వయసులో, స్కూల్లో.

చివరికి తెల్లకాగితం గుండ్రంగా కత్తిరించి, మైదాజిగురు రాసి, రాంబాబు ముఖం మీద అతికించారు. ఆరితే కళ్ళూ ముక్కూ దిద్దొచ్చు. భుజం నొప్పి చేతిలోకి దిగింది. కుర్చీలో వెనక్కి వాలి, ఆరేదాకా అని కళ్ళు మూసుకున్నారు.

సాయంత్రం తుడవడానికి వచ్చిన సూరమ్మ, మేస్టారు నిద్రపోతున్నారనుకుని దుమ్ము లేవకుండా మెల్లిగా తుడిచింది. కుర్చీ కింద ఊడవబోతే ఆయన చేతిలో కుంచె జారిపడింది. చెయ్యి పట్టుకు చూసి, బయటికి పరిగెత్తి హెడ్మాస్టర్ని పిలుచుకొచ్చింది.

మర్నాడు స్కూలుకి సెలవు. బుచ్చిరాజుగారే ముందు నడిచి అన్నీ జరిపించారు. పాపం, మాట కాదనని మనిషండీ అన్నారు, శ్యామలాంబ వింటూండగానే. సంతకం మాట ఎవరూ ఎత్తలేదు. ఎవరికోసం ఎత్తాలి?

వాయిదాపడ్డ ఇన్‌స్పెక్షను పై వారం జరిగింది. వేరే బొమ్మ లేక దాన్నే వరండాలో మేకులు కొట్టి తగిలించారు. బెంచీ మీద ఎర్ర రిబ్బను కట్టుకున్న నల్లపిల్ల, పక్కన కళ్ళూ ముక్కూ లేని తెల్లకాగితం. వానచెమ్మకి ఆ కాగితం ఓ అంచున లేచి, కింద రాంబాబు నల్లచెవి కనబడుతోంది.