ముక్కు సంప్రదాయం

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా అమ్మకు ఇప్పటికీ సరిగ్గా అంతుపట్టలేదు. అది ఆమె తప్పు కాదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదట. పై చదువులు చదివినవాళ్లు రోజంతా ఏం చేస్తారో చూసినవాళ్లు మా వైపు ఎవరూ లేరు.

"ప్లాస్టిక్ పెట్టెలో చాక్లెట్ పెట్టి చంటిపిల్లల చేత తీయిస్తావు. దానికి నీకు జీతమిస్తారు. అంతేనా?" అంది ఒకరోజు గిన్నెలు కడుగుతూ.

"అంతే కాదమ్మా. మనుషులకి నమ్మకాలు, మొక్కులు, ఆచారాలు అసలెలా పుట్టాయో కనుక్కుంటున్నాం."

"చాక్లెట్ పెట్టెలోనా?"

ఓపిగ్గా వివరించాను. పెట్టె అద్దంలా ఉంటుంది. లోపల ఏది దేనికి తగులుకుని ఉందో పిల్లలకు కనిపిస్తూనే ఉంటుంది. నేను వాళ్ల ముందు కూర్చుని పుల్లతో మూత మీద తడతాను, దాన్ని పెట్టె చుట్టూ తిప్పుతాను, ఆ తరువాత పక్కనున్న చిన్న తలుపు జరిపి చాక్లెట్ తీస్తాను. తట్టడానికీ తిప్పడానికీ ఆ తలుపుతో ఏ సంబంధమూ లేదు. అయినా పిల్లలు తమ వంతు రాగానే బుద్ధిగా తట్టి, తిప్పి, ఆ తరువాతే తీస్తారు. అదే చింపాంజీ అయితే ఆ తతంగమంతా వదిలేసి నేరుగా తలుపు మీద చెయ్యి వేస్తుంది.

"అంటే కోతికే తెలివెక్కువన్నమాట."

"ఈ ఒక్క విషయంలో అవునమ్మా."

"మరి ఆ ఉద్యోగమేదో దానికే ఇవ్వలేకపోయారా?"

నాన్న మాత్రం నవ్వలేదు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. "మా అమ్మాయి సైంటిస్టు" అని డిపో అంతా టముకు వేసి వచ్చాడు. నా భయమల్లా అదే. నాది తాత్కాలిక పోస్టు. నెలాఖరుకు బయటి నుంచి ఒక పరిశీలకుడు వచ్చి మా ప్రయోగం చూస్తారు. ఆయనకు నచ్చితే మూడేళ్లు పొడిగింపు. నచ్చకపోతే నా కుర్చీ ఖాళీ. అప్పుడు డిపోలో నాన్న ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

మా మేడమ్‌కు మాత్రం ప్రయోగం మీద గట్టి ధీమా. దాన్ని నడిపేది ఆవిడే. "ఆదిమానవుల కాలంలో నిప్పు రాజేసేటప్పుడు ఇదెందుకు, అదెందుకు అని అడుగుతూ కూర్చున్న పిల్లాడు చలికి బిగుసుకుపోయుంటాడు. పెద్దవాళ్లు చేశారంటే ఏదో ఉండే ఉంటుందిలే అని చేసేసినవాడు బతికాడు. మనమంతా వాడి సంతానం. నిప్పూ అలాగే వచ్చింది, నిప్పుకి పెట్టే దండమూ అలాగే వచ్చింది" అనేవారు.

ఇది రుజువు కావాలంటే పిల్లలు రెండు జట్లుగా ఉండాలి. మొదటి జట్టుకు తతంగం మొత్తం చూపిస్తాం. రెండో జట్టుకు తలుపు జరపడం ఒక్కటే చూపిస్తాం. వాళ్లు తలుపు ఒక్కటే జరపాలి. పనికిరానిది చూపిస్తేనే పిల్లలు చేస్తారని అప్పుడు తేలుతుంది.

రెండో జట్టు వీడియోలు చూస్తూ మేడమ్ ఉన్నట్టుండి ముందుకు వంగారు.

"ఈ పిల్లలందరికీ జలుబా?"

పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పెట్టె ముందు కూర్చుంటున్నారు. కూర్చుని, బొటనవేలితో ముక్కు కొసను పైకి నెట్టుకుంటున్నారు. ఆ తరువాతే తలుపు జరుపుతున్నారు. ఒకమ్మాయి ముందు తలుపు మీద చెయ్యి వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకుని, ముక్కు నెట్టుకుని, మళ్లీ చెయ్యి వేసింది.

మేడమ్ వీడియో వెనక్కి తిప్పారు. నేను కనిపించాను. పెట్టె ముందు కూర్చున్నాను. బొటనవేలితో ముక్కు కొసను పైకి నెట్టాను. తలుపు జరిపాను. తట్టడం, తిప్పడం మధ్య ఇన్నాళ్లూ ఎవరి కంటా పడని నా ముక్కు, రెండో జట్టు దగ్గర కొట్టొచ్చినట్టు బయటపడింది.

"ఎప్పటి నుంచి ఇది?"

"నాకు తెలీదు మేడమ్. నేనలా చేస్తానని ఇప్పుడే చూస్తున్నాను."

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పగానే అమ్మ నాన్న వైపు చెయ్యి చూపించింది. "ఇంకెవరిది? ఈ మహానుభావుడిదే. బస్సు తియ్యబోయే ముందు అదే పని. చిన్నప్పుడు నిన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడుగా."

"ఎందుకు నాన్నా?" అన్నాను.

"మా గురువుగారు చేసేవాడు. నాకు స్టీరింగ్ నేర్పినాయన."

"ఆయనెందుకు చేసేవాడు?"

"అడగలేదమ్మా. అడిగితే బండిలోంచి దింపేసేవాడు."

"చెయ్యకపోతే ఏమవుతుంది?"

"బండి దారిలో ఆగిపోతుంది."

"మరి చేసినా ఆగిన రోజులున్నాయి కదా?"

"ఆ రోజుల్లో హడావుడిలో మరిచిపోయుంటాను" అన్నాడు నాన్న పూర్తి నమ్మకంతో.

మర్నాడు మేడమ్ ఒక ఉపాయం చెప్పారు. "పరిశీలకుడికి మొదటి జట్టును మాత్రమే చూపిద్దాం."

"అది అబద్ధం కదా మేడమ్?"

"అబద్ధం కాదు, క్లుప్తత."

నాకు మింగుడుపడలేదు. ఈ చదువు కోసం నాన్న ఎన్ని పండగలు సెలవు లేకుండా బస్సు నడిపాడో నాకు తెలుసు. దాంతో తెచ్చుకున్న మొదటి ఉద్యోగాన్ని ఇలా కప్పెట్టి నిలబెట్టుకోవడం నా వల్ల కాదనిపించింది. అదే మాట చెప్పాను. మేడమ్ నిట్టూర్చి, రెండో జట్టుకు కొత్త పిల్లల్ని పిలిపించమన్నారు. ఈసారి పెట్టె తనే తెరిచి చూపిస్తానన్నారు. "నా ముక్కు నా మాట వింటుంది" అన్నారు.

పరిశీలకుడు బక్కపలచని పెద్దాయన. గోడకు ఆనుకుని నిలబడ్డారు. పిల్లలు వరసగా కూర్చున్నారు. మేడమ్ పెట్టె ముందు కూర్చుని, చేతులు జాపి, బొటనవేలితో ముక్కు కొసను నిండుగా పైకి నెట్టి, తలుపు జరిపి చాక్లెట్ తీశారు.

నెలల తరబడి నా పక్కన కూర్చున్నారు కదా, ఆమెకూ అంటుకుంది. పాపం, ఆమెకు తెలియనే లేదు. మొదటి పిల్లాడు వచ్చి ముక్కు నెట్టుకున్నాడు. రెండోవాడూ అంతే.

"బాబూ, ముక్కెందుకు నొక్కావ్?" అనడిగారు పరిశీలకుడు.

వాడు ఆయన్ని జాలిగా చూశాడు. "మరి చాక్లెట్ రావద్దా తాతయ్యా?"

ఆయన మా వైపు తిరిగారు. నేనే మొదలుపెట్టాను. వీడియో, నాన్న, బస్సు, మరిచిపోయిన రోజులు, అన్నీ చెప్పేశాను. చెబుతూ ఉంటే డిపోలో నాన్న ముఖమే కళ్ల ముందు మెదిలింది. "అంటే మా లెక్కలు చెడిపోయాయండి. రెండో జట్టుకి ఏమీ నేర్పలేదనుకున్నాం, కానీ నేర్పాం" అని ముగించాను.

"ఆ గురువుగారు ఇప్పుడెక్కడున్నారు?"

"ఆయన పోయి చాలా ఏళ్లయిందండి."

"మనిషి పోయినా ఆయన ముక్కు మాత్రం నర్సరీ దాకా వచ్చిందన్నమాట" అని పెద్దగా నవ్వారు ఆయన. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఆ తరువాత గొంతు సవరించుకుని చెప్పారు. "పాత లెక్కలన్నీ అవతల పారేయండి. పెట్టెతో చెయ్యాలనుకున్నది మీకు తెలియకుండానే ముక్కుతో చేశారు. ఎవరూ నేర్పాలనుకోనిది, ఎవరూ నేర్చుకోవాలనుకోనిది, నాలుగు తరాలు ఎలా దాటింది? నాకది కావాలి. మూడేళ్లు ఇస్తాను. కానీ ఈ అమ్మాయి పిల్లల జోలికి వెళ్లకూడదు. వెళ్లి డిపోలో మొదలుపెట్టమనండి."

ఆ మాట విన్న నాన్న మర్నాడు డ్యూటీకి ఉతికిన చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. "మా అమ్మాయి. సైంటిస్టు. మన ముక్కు మీద పరిశోధన" అని గేటు దగ్గరి నుంచే మొదలుపెట్టాడు.

మొదటి బస్సులో పెద్ద మీసాలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన ముక్కు జోలికి పోలేదు. గేరు రాడ్ మీద ఉఫ్ఫని ఊది ఇంజిన్ స్టార్ట్ చేశాడు.

"బాబాయిగారూ, మీరు ముక్కు నెట్టుకోరా?" అన్నాను.

"ఛీ, ఆ ముక్కు బ్యాచ్ వేరమ్మా. మాది ఊదే బ్యాచ్. మా గురువుగారు ఊదేవాడు. అసలు పద్ధతి ఇదే. వాళ్ల బళ్లు నడిరోడ్డు మీద ఆగిపోతుంటాయి చూడు."

"ఎవరి బండోయ్ ఆగింది?" నాన్న మెట్టెక్కాడు. "మొన్న ఫ్లైఓవర్ మీద జనం చేత తోయించింది ఎవడు?"

"ఆ రోజు గాలికి ఎదురుగా ఊదాను, అందుకు!"

"గాలికి ఎదురుగా ఊదేవాడు డ్రైవరెలా అయ్యాడసలు?"

చుట్టుపక్కల బస్సుల్లోంచి తలలు బయటికి వచ్చాయి. కొందరు మీసాలాయన పక్కన చేరారు, కొందరు నాన్న వెనక నిలబడ్డారు. ఎక్కాల్సిన ప్రయాణికులు హారన్ కోసం ఎదురుచూస్తున్నారు. నాన్న నా వైపు తిరిగి, "నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్పమ్మా, ఏది నిజం?" అన్నాడు.

రెండు గుంపులూ నా ముఖంలోకే చూస్తున్నాయి. నాకు మూడేళ్లు టైముంది కదా అనుకుని, "ముందు మీ గురువుగార్ల సంగతి చెప్పండి నాన్నా" అంటూ మెట్టు మీద కూర్చున్నాను.