నేను చేయని ప్రమాణం

స్నోబోర్డు అంటే ఏమిటో మనవాళ్లెవరికీ తెలియని రోజుల్లో మా అమ్మాయి రేణు దాని మీద ఛాంపియన్ అయింది. రెండు కాళ్లూ ఒకే పలకకు కట్టేసుకుని మంచుకొండ మీంచి దూసుకురావాలి, ముందు వచ్చినవాళ్లు గెలిచినట్టు. షికాగో పక్కన మేముండే నేపర్‌విల్‌లో కొండలెక్కడివి? శీతాకాలం ప్రతి శనివారం విస్కాన్సిన్ దాకా మా వారు వాసుదేవరావు డ్రైవ్ చేసేవారు, నేను పులిహోర కట్టేదాన్ని. కాలు విరిగితే పిల్లనెవరు చేసుకుంటారని మా వీధిలో ఉండే సరోజగారు అడిగితే, మీ అల్లుడికి రెండు కాళ్లూ ఉన్నాయిగా, ఏం ఉద్ధరించాడని అడిగాను. ఆవిడ మళ్లీ మా ఇంటికి రాలేదు.

1986 డిసెంబరులో రేణుని అమెరికా జట్టులోకి తీసుకున్నారు. ముందు యూరప్‌లో పందేలు, మార్చిలో కొలరాడోలో ప్రపంచ పోటీలు. అందరినీ పాస్‌పోర్టులు తెమ్మన్నాడు కోచ్. రేణుకి సొంత పాస్‌పోర్టు లేదు. గుంటూరులో పుట్టిన పిల్లని మూడేళ్లప్పుడు నా ఇండియన్ పాస్‌పోర్టులోనే ఫొటో అంటించి తీసుకొచ్చాం. ఆ తర్వాత తను దేశం దాటింది లేదు. సరే, అప్లై చేశాం. ఈ అమ్మాయి అమెరికా పౌరురాలు కాదని ఉత్తరం వచ్చింది.

మా వారు దాన్ని మూడుసార్లు చదివి, ఎవడో క్లర్కు చేసిన తప్పని తేల్చేశారు. ఆయన 1979లోనే పౌరుడయ్యారు. తండ్రి ఇంటిపేరూ గోత్రమూ వచ్చినట్టే పౌరసత్వమూ పిల్లకి వస్తుందని మేమిద్దరం అనుకున్నాం. ఎవరినైనా అడగాలని కూడా తోచలేదు. షికాగోలో లాయరు మాత్రం ఒక్కటే ప్రశ్న వేశాడు. తల్లి ఎప్పుడు పౌరురాలైంది?

లాయరూ, మా వారూ, రేణూ ముగ్గురూ నా వైపు తిరిగారు.

నేను కాలేదు. పుట్టిన దేశాన్ని వదులుకుంటున్నానని చెయ్యెత్తి ప్రమాణం చేయడానికి నాకు నోరు రాలేదు. రెండుసార్లు పిలుపొస్తే రెండుసార్లూ ఏదో వంక పెట్టాను. వచ్చే ఏడు చూద్దాంలే అని మా వారు ఊరుకునేవారు. నా దేశభక్తికి నేనే మురిసిపోయాను కూడా. తీరా చూస్తే, పిల్లకి పద్దెనిమిది నిండేలోగా తల్లీ తండ్రీ ఇద్దరూ పౌరులైతేనే తనకి దానంతటదే వస్తుందట. రేణుకి పద్దెనిమిది నిండి అప్పటికి తొమ్మిది వారాలు. ఇక తనే విడిగా అప్లై చేసుకోవాలి, ఏడాది పైనే పడుతుందన్నాడు లాయరు.

రేణు ఏడవలేదు, నన్నొక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. జట్టులో తన స్థానం ఇంకో అమ్మాయికి ఇచ్చేశారు.

పది రోజుల తర్వాత తనే వంటింట్లోకి వచ్చి, కొలరాడోలో ఇండియా తరఫున దిగుతానంది. నా చెవులను నేనే నమ్మలేదు. కాన్సులేట్ వాళ్లు పాస్‌పోర్టు ఇచ్చారు, పోటీల వాళ్లు ఒప్పుకున్నారు. జట్టు మొత్తం తనొక్కతే. నా తప్పును దేవుడే ఒప్పు చేశాడనుకుని ఆ రెండు నెలలూ నేల మీద నడవలేదు. దాని జాకెట్‌ మీద మూడు రంగుల జెండా నా చేత్తోనే కుట్టాను.

కొలరాడోలో రేణు మొదటి స్థానంలో వచ్చింది. తన చోట్లో చేరిన అమెరికా అమ్మాయి అర సెకను వెనక రెండోది. మన జెండా పైకి వెళ్తుంటే నేను వెక్కివెక్కి ఏడ్చాను. రేణు తిన్నగా నా దగ్గరికొచ్చి పతకం తీసి నా మెడలో వేసింది. నన్ను క్షమించేసిందనుకుని దగ్గరికి తీసుకోబోయాను.

"ఇది నీది మమ్మీ," అంది నెమ్మదిగా. "నీ కంట్రీ విన్ అయింది. నా కంట్రీ సెకండ్ వచ్చింది."

చాచిన చేతులు అలాగే ఉండిపోయాయి. ఎవరెవరో వచ్చి ఆ చేతుల్నే పట్టుకుని ఊపుతూ అభినందిస్తున్నారు. అటుపక్క అమెరికా అమ్మాయిలు తమ రెండో స్థానం పిల్లని భుజాల మీదికి ఎత్తుకున్నారు. రేణు ప్రేక్షకుల కోసం కట్టిన తాడుకి ఇవతల ఒంటరిగా నిలబడి వాళ్లని చూస్తూ చప్పట్లు కొడుతోంది.