ముడివేసిన జమ్ము

జేసీబీ చెరువులోకి దిగిన ఉదయం నేను కట్ట మీదే ఉన్నాను. అది అటూ ఇటూ వెతకలేదు. అంచున ఉన్న జమ్మును వదిలేసి తిన్నగా తూర్పు మూలకు పోయింది. అక్కడ ఒక గుబురుకు కొసలు కలిపి ముడివేసి ఉంది. బకెట్టు దాని మీదే దిగింది. నీలికోడి ఒకటి అరుస్తూ లేచి, నీళ్ళ మీద రెక్కలు కొట్టుకుంటూ పోయింది. బురదతోపాటు గూడు పైకి లేచింది. తర్వాత ఇంకో ముడి. ఆ తర్వాత ఇంకోటి.

కట్ట మీద నిలబడి డ్రైవరుకు చెయ్యి చూపిస్తున్నవాడు కాంట్రాక్టరు చెన్నరాయప్ప. అతని చేతిలో ఒక కాగితం ఉంది. అందులో ఆకుపచ్చ స్కెచ్‌పెన్నుతో జమ్ము, ఎర్రచుక్కలతో గూళ్ళు. ఆ చుక్కలు పెట్టింది నేను.

పెళ్ళయి అప్పటికి మూడు నెలలు. దేవనహళ్ళిలో మేడ మీద ఒక్క గదిలో మా కాపురం. విమానాశ్రయంలో సరుకులు దించే చోట పనిచేసే మా ఆయన శశిధర్ నా టిఫిన్ డబ్బాలో ఉప్మా మీద జీడిపప్పులు వరసగా పేర్చి పంపేవాడు. మూత తీసిన ప్రతిసారీ నవ్వొచ్చేది. బోటనీ చదివిన నాకు ఆ నెలల్లోనే ఒక ట్రస్టులో ఉద్యోగం దొరికింది. చెరువుల్లో పక్షులుండే చోట్లను కాపాడటానికి సర్కారు గ్రాంటు ఇస్తోందనీ, మా చెరువు పేరు మీద దరఖాస్తు రాయాలనీ చెప్పారు. పక్షుల్ని కాపాడితే జీతం ఇస్తారట అని శశిధర్‌కు చెప్పి గంతులేశాను.

ఆ చెరువు జమ్ము కోసి చాపలు అల్లి సంతలో అమ్ముకుని బతికే ఆడవాళ్ళు ముప్ఫై మంది దాకా ఉన్నారు. కోస్తుండగా గుడ్లు కనబడితే ఆ గుబురు కొసలు ముడివేసి వచ్చేస్తారు. పిల్లలు ఈదుకుంటూ పోయేదాకా ముడి ఉన్న గుబురుకు ఇంకెవరూ కొడవలి తగిలించరు. ఈ సంగతి నాకు చెప్పింది మునివెంకటమ్మ. మోకాలిలోతు నీళ్ళలో నన్ను చెయ్యి పట్టి నడిపిస్తూ పదకొండు ముడులు చూపించింది. "కొత్త పెళ్ళికూతురా, చీర కుచ్చిళ్ళు ఎత్తి కట్టుకో. నీ మొగుడు తిట్టేది నన్ను" అని ఆటపట్టించింది.

అదంతా దరఖాస్తులో రాసి, గూళ్ళ మ్యాపు గీసి జతచేశాను. ముడి ఉంటే గూడు ఉన్నట్టని కూడా రాశాను. ఆ పేరా చదివే గ్రాంటు ఇచ్చారని గీతాంజలి మేడమ్ నన్ను మెచ్చుకుంది. ట్రస్టు ఆవిడదే.

ఏడో గూడు దగ్గర జేసీబీ పైపు పగిలింది, బాగవడానికి రెండు రోజులు పడుతుందని పని ఆపారు. మేడమ్‌కు ఫోన్ చేశాను.

"ఆశా, బీ ప్రాక్టికల్. గూడు ఉంటే యాభై మీటర్ల లోపల ఏ పనీ చెయ్యకూడదని రూల్. శుక్రవారం ఇన్‌స్పెక్షన్. గూళ్ళు కనబడితే చెరువు చుట్టూ వేసే వాకింగ్ ట్రాక్ ఆగిపోతుంది, ప్రాజెక్టే పోతుంది."

"ఇది పక్షుల కోసం ఇచ్చిన గ్రాంటు కదా మేడమ్."

"అందుకే కదా ట్రాక్. జనం వచ్చి పక్షుల్ని చూడొద్దా?"

సిటీలో, బెళ్ళందూరు ఆఫీసులో ఆవిడ వెనకాల ఎవరో నవ్వడం కూడా వినిపించింది.

ఆ సాయంత్రం పాల డెయిరీ షెడ్డులో అందరూ చేరారు. మ్యాపు నాదేనని నేనే చెప్పాను. చెప్పకపోయినా వాళ్ళకు తెలుసు.

"మా అమ్మకు కూడా చూపించని గూళ్ళు నీకు చూపిస్తిమి" అంది జమ్ము కోసే సొన్నమ్మ. "చదువుకున్న పిల్ల, రాసుకుంటే మంచిదనుకుంటిమి."

"రాసుకునింది కదా. ఆ కాంట్రాక్టరుకు ఇచ్చింది" అని వెనక నుంచి ఇంకొకామె.

నేను ఏడిస్తే మునివెంకటమ్మ కసిరింది. "ఏడ్చేది ఇంటికాడ పెట్టుకో. వాండ్లు నిన్నూ మోసం చేసినారు, మమ్మల్నీ చేసినారు. ఇంకా నాలుగు గూళ్ళుండాయి. వాటి సంగతి చెప్పు."

కదిరప్ప లేచాడు. షెడ్డులో పాలు కొలిచే పెద్దాయన. "చెరువు సర్కారుది. కొట్లాడితే కేసులు పెడతారు. తాలూకాఫీసులో అర్జీ ఇచ్చేస్తాం."

"ఇయ్యప్పా. వాండ్లు చదివేలోపల ట్రాకు మీద నువ్వే వాకింగు పోతావు" అంది మునివెంకటమ్మ.

అందరూ నవ్వారు. కదిరప్ప నవ్వలేదు. "జైల్లో వేస్తే మీ చాపలు ఎవరు అల్లేది?"

"జమ్మే లేకపోతే చాప యాడిది?" అంది మునివెంకటమ్మ. "ఇయ్యాళ గూళ్ళు తవ్వినాడు. రేపు నడిచేవాళ్ళకు అడ్డమని జమ్మంతా తవ్వుతాడు. ఎల్లుండి కంచె వేసి మనల్ని బయట నిలబెడతాడు. సుమ్నే చేతులు కట్టుకుని కూర్చోమంటావా?"

మ్యాపులో చుక్కలు ఏ మూలో చెబుతాయంతే, ఏ గుబురో చెప్పేది ముడి, ముడులు విప్పేస్తే గూళ్ళు వాడికి దొరకవు కదా అని ఎవరో అన్నారు. అప్పుడు నా తలలో ఏదో మెరిసింది. దరఖాస్తు ట్రస్టుది, అందులోని మాటా ట్రస్టుదే. ముడి ఉంటే గూడు ఉన్నట్టు. "విప్పొద్దు. చెరువంతా ముడులు వేద్దాం. ఎటు తిరిగినా యాభై మీటర్ల లోపల గూడు ఉన్నట్టే" అన్నాను.

సొన్నమ్మ కొంగు బిగించింది. "అయితే నాకు తూర్పు మూల."

బుధవారం, గురువారం పొద్దంతా ముడివేశాం. అరచేతులు కోసుకుపోయాయి. పక్క ఊళ్ళో పట్టుపురుగులు పెంచే కూలీలు వచ్చారు, కాలేజీ పిల్లలు బస్సు దిగి వచ్చారు. నీళ్ళలో వరసలు కట్టి, పాటలు పాడుతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ ముడివేశాం. శశిధర్ సెలవు పెట్టి వచ్చి ఒక్కో ముడికి పది నిమిషాలు తీసుకుంటే ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. అన్యాయం మీద కోపంతో ఉన్నప్పుడు కూడా ఇంత సంతోషం ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

శుక్రవారం జేసీబీ, అధికారి జీపు, పోలీసు వ్యాను ఒకేసారి వచ్చాయి. మేమంతా నడుంలోతు నీళ్ళలో గుబురుకొకరం నిలబడ్డాం. డ్రైవరు చెరువంతా చూశాడు. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని కిందికి దిగాడు. "మనుషుల మీదికి నడిపేది నాతో కాదు సార్" అని కట్ట మీద బీడీ వెలిగించుకున్నాడు.

అధికారి దరఖాస్తు తిరగేశాడు. "ముడి అంటే గూడు అని రాశారు. ఇన్ని గూళ్ళా?"

గీతాంజలి మేడమ్ నా వైపు తిరిగింది. "ఆశా, నిజమైన నాలుగూ సార్‌కు చూపించు. వాటిని కాపాడతారు. నీ ఉద్యోగానికి నాది హామీ."

"పదకొండు చూపించాను మేడమ్. ఏడు పోయాయి."

మునివెంకటమ్మ నీళ్ళలో నుంచే అడిగింది. "పని ఆపినామని రాసి సంతకం పెట్టు సారూ. ఇప్పుడే చూపిస్తాం."

"అది నా చేతిలో లేదమ్మా."

"మరి నీ చేతిలో ఉండేది ఏంది?"

ఆయన చేతిలో ఫైలు ఉంది. దాన్ని మూసి జీపెక్కాడు. సర్కారు పనికి అడ్డం వచ్చిందని పోలీసులు మునివెంకటమ్మను తడి చీరతోనే వ్యాను ఎక్కించారు. ముందుగా వ్యాను వెనక నడవడం మొదలుపెట్టింది కదిరప్ప. అర్జీ జేబులోనే ఉంది. మేమంతా ఆయన వెనక నడిచాం. సగం మందిని చెరువు దగ్గరే కాపలా ఉంచాం.

ఆ నాలుగు గూళ్ళూ ఇంకా ఉన్నాయి. ఎక్కడున్నాయో ఇక్కడ కూడా రాయను.

స్టేషను గేటు దగ్గర మా చెరువుకు ఎగువనున్న ఇంకో చెరువు ఊరి ఆడవాళ్ళు మా కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ళ చెరువుకూ గ్రాంటు వస్తుందట. సోమవారం అదే ట్రస్టు నుంచి మ్యాపు గీయడానికి ఒక చదువుకున్న అమ్మాయి వస్తుందట. ఏం చెయ్యాలని అడిగారు.

కిటికీ కమ్మీల వెనక నుంచి మునివెంకటమ్మ గొంతు పెంచింది.

"కాఫీ పెట్టియ్యండి. చాప వేసి కూర్చోబెట్టండి. మాకేం జరిగిందో అంతా ఆ పిల్లకు చెప్పండి. చెరువు మాత్రం చూపించొద్దు."