రెండు రూటర్ల పందెం

“నీ పాత కనెక్షన్‌ని ఇంకా వెనకేసుకొస్తున్నావా అన్నయ్యా? పాఠం సగంలో మా మాస్టారు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయారు!”

“నువ్వు తెప్పించిన కొత్తది ఏం ఒరగబెట్టిందే? మీటింగులో నేనొక్కణ్ణే గంటసేపు మాట్లాడా. అవతల ఎవరూ లేరని తర్వాత తెలిసింది.”

“ఉంటే మాత్రం వింటారా ఏంటి?”

అన్నాచెల్లెళ్ళ మధ్య ఈ గొడవ వారం రోజులుగా నడుస్తూనే ఉంది. ఇంటికి నెట్ ఇచ్చే కంపెనీల్లో ఏది నమ్మదగ్గదో తేల్చాలని, మొదటి నెల ఉచితమంటే కొత్త కంపెనీ రూటర్‌ని కూడా తెప్పించారు. హాల్లో టీవీ పక్కన పాతదీ కొత్తదీ ఒకే బెంచీ మీది పిల్లల్లా కూర్చున్నాయి. నెట్ ఆగినప్పుడల్లా ఎవరు ఏ గదిలో ఉన్నా “పాతది పోయింది!” అనో “కొత్తది పోయింది!” అనో అరవాలి. అదీ పందెం. స్నానాల గదిలోంచి కూడా అరుపులు వినబడేవి.

నవ్వు రానిది అన్న భార్యకి, ఆ ఇంటి కోడలికొక్కర్తికే. ఆసుపత్రికి వచ్చే ఫోన్లు ఆమె ఇంట్లోంచే తీసుకుని రోగులకి డాక్టర్ల అపాయింట్‌మెంట్లు ఇస్తుంది. ఆ ఫోన్లన్నీ నెట్ మీదే వస్తాయి. మోకాలి నొప్పి పెద్దావిడ తన బాధ చెప్పుకుంటుండగానే లైను తెగిపోతుంది. పాపం, ఆవిడ మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకోవాలి. “శనివారం దాకా చూస్తానమ్మా. ఇలాగే ఉంటే సోమవారం నుంచి ఆఫీసుకి వచ్చెయ్యి,” అంది సూపర్‌వైజరు. ఆఫీసు ఊరికి ఆ చివర. రెండు బస్సులు మారాలి. తన చిన్న పాప లేవకముందే బయల్దేరి, పాప నిద్రపోయాక ఇల్లు చేరాలి.

మామగారు కిటికీ దగ్గర కుట్టు మిషను ముందు కూర్చుని తన పనిలో తనుండేవారు. టైలరింగ్ షాపు మూసేసి ఏడాది కూడా కాలేదు. షాపు మూశారు గానీ చేతులు ఊరుకోవడం లేదు. ఇంట్లో అందరికీ బట్టలు కుట్టేశాక ఆయన వస్తువుల మీద పడ్డారు. మిక్సీకి గౌను కుట్టారు. గ్యాస్ సిలిండరుకి కుచ్చుల లంగా. పాత రూటర్‌కి దుమ్ము పట్టకుండా లోపల దూది పరిచి, అస్తరు వేసి, మెడదాకా మూసుకునే చొక్కా. కొత్తది వచ్చిన సాయంత్రమే దానికీ కొలతలు తీశారు. లైట్లు కనబడాలని ముందువైపు వరసగా బుల్లి బుల్లి కాజాలు కుట్టారు. “భలే ఉంది నాన్నా!” అని మెచ్చుకుని, పిల్లలిద్దరూ మళ్ళీ పోట్లాటలో పడ్డారు.

గురువారం మధ్యాహ్నం పాత లైను పోయింది. కోడలు కొత్తదానికి మారింది. కాసేపటికి అదీ పోయింది. హెడ్‌సెట్ తీసి పారేసి హాల్లోకి వచ్చింది. పక్కింటి టీచరమ్మది కూడా ఆ పాత కంపెనీయే. “మాకెప్పుడూ పోదే!” అని పొద్దున్నే అంది. అక్కడ పోనిది ఇక్కడెందుకు పోతోందని ఆలోచిస్తూనే, రూటర్ చొక్కాలోకి చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి చటుక్కున తీసేసింది.

“మామయ్యా, ఒకసారిలా రండి. దీన్ని ముట్టుకుని చూడండి.”

ఆయన చొక్కా విప్పారు. ఇస్త్రీ పెట్టె వేడి చూసే అలవాటు కొద్దీ వేలు తడి చేసుకుని రూటర్‌కి తాకించారు.

“పట్టుబట్టకి పెట్టేంత వేడుందమ్మా,” అన్నారు. చొక్కాని అటూ ఇటూ తిప్పారు. వేళ్ళు కాజాల మీద ఆగాయి. “లైట్లకి కాజాలు పెట్టా గానీ ఊపిరాడ్డానికి పెట్టలేదు. మండుటెండలో కోటు తొడిగేశా దీనికి.”

“ముద్దు చేశారు మామయ్యా, అంతే.”

“ఆ ముద్దుకి నువ్వు రెండు బస్సులెక్కాల్సొచ్చేది కదే తల్లీ!”

రెండోదాని చొక్కా కూడా ఆయనే విప్పేశారు.

ఆ సాయంత్రం ఒక్క ఫోనూ తెగలేదు. మర్నాడూ తెగలేదు. పెద్దావిడ తన మోకాలి కథంతా, మధ్యలో అల్లుడి మీద చాడీలతో సహా, ఏకబిగిన చెప్పుకుంది. “పోయింది!” అన్న కేకలు లేక ఇల్లు బోసిపోయింది.

అసలు సంగతి తెలియని అన్నాచెల్లెళ్ళు మాత్రం శుక్రవారం భోజనాల దగ్గర కూడా తగ్గలేదు.

“చూశావా, నా కొత్తది వచ్చాకే నీ పాతదానికి బుద్ధొచ్చింది!”

“పోవే! నా పాతదాన్ని చూసే నీది పని నేర్చుకుంది!”

పాప ఒళ్ళో ఎలుగుబంటి బొమ్మ కొత్త చొక్కా వేసుకుని కూర్చుంది. దాని పొట్ట మీద వరసగా బుల్లి కాజాలు.

పెద్దాయన మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు. గొంతు పెంచకుండానే అన్నారు:

“రెండూ మంచివే, తప్పు నా చొక్కాలది. పాతది ఉంచుదాం, కొత్తది రేపు వెనక్కిచ్చెయ్యండి. ఈ ఇంట్లో వేడెక్కే వస్తువు దేనికీ నేనిక బట్టలు కుట్టను. సోమవారం అమ్మాయి బస్సెక్కట్లేదు.”